గురి కుదిరింది.. నమ్మకం చెదిరింది
1857 నాటి చాంద్‌మారీల్లో ఎన్‌ఫీల్డు తుపాకి కథ

1857లో ఢిల్లీ వీధుల్లో ఇంగ్లీషువారిపై తిరగబడిన సిపాయిలను అక్కడి జనం ‘తిలంగాలు’ అని పిలిచారు. ఆ సిపాయిల్లో ఎక్కువమంది అవధ్, బీహారు పల్లెల రైతుబిడ్డలు. తెలుగు ముక్క ఒక్కటీ రానివాళ్ళు. మరి ఆ పేరు వారికెలా వచ్చింది? అంతకు నూరేళ్ళ ముందు క్లైవు దొర మద్రాసు నుంచి బెంగాలుకు ఓడల మీద తీసుకుపోయిన సిపాయిల్లో తెలుగువాళ్ళున్నారు. 1757లో ప్లాసీ యుద్ధం చేసినవారిలో వారూ ఉన్నారు. ఎర్రకోటు తొడిగి, కుంపిణీ తుపాకి పట్టిన స్వదేశీ సిపాయిని ఉత్తరాది జనం మొదట చూసింది ఆ రూపంలోనే. దానితో తెలుగువాడు అన్న మాటే అక్కడ సిపాయికి పేరైపోయింది.

ఆ ‘తిలంగాల’ చేతికి 1857 మొదట్లో ఒక కొత్త తుపాకి వచ్చింది. దాని పేరు ఎన్‌ఫీల్డు. దానితో గురి నేర్పడానికి కుంపిణీ సర్కారు మూడుచోట్ల శిక్షణ కేంద్రాలు తెరిచింది. కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఒకటి, అంబాలా ఒకటి, సియాల్‌కోట ఒకటి. గురి నేర్పే మైదానాన్ని ఉత్తరాదిలో చాంద్‌మారీ అంటారు. పటాలాల నుంచి కొద్దిమంది చొప్పున ఏరి అక్కడికి పంపేవారు. నేర్చుకున్నవారు తిరిగివెళ్ళి తమ పటాలంలో మిగతావారికి నేర్పాలని ఏర్పాటు.

తరువాత జరిగిన గొడవ అందరికీ తెలిసిందే. ఆవు కొవ్వు, పంది కొవ్వు అనగానే బడిపిల్లవాడు కూడా మిగతా కథ చెప్పేస్తాడు. అయితే తూటాకు అసలు కొవ్వు పూయవలసిన అవసరం ఏమొచ్చిందన్నది పాఠాల్లో కనబడదు. పూయకపోతే ఆ తుపాకికి గురి నిలవదు. సంగతంతా అక్కడే ఉంది.

దుక్కిచాళ్ళ వంటి గీతలు

అడవి అంచు ఊళ్ళలో చేను కాపలాకు లైసెన్సు మీద ఉంచుకునే నాటు తుపాకిని చూసినవారికి ఎన్‌ఫీల్డు తేలిగ్గానే అర్థమవుతుంది. రెండూ మూతి నుంచి మందు కూరేవే. కొలత ప్రకారం మందు పోయాలి. దానిపై గుండు వేయాలి. ఇనుప చువ్వతో అడుగంటా దిగగొట్టాలి. వెనక ఉన్న చిన్న చనుమొన మీద కేపు పెట్టాలి. మీట నొక్కితే సుత్తి కేపుపై పడుతుంది, నిప్పు మందుకు తగులుతుంది.

తేడా గొట్టం లోపల ఉంది. నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. అంతకు ముందు సిపాయిల చేతిలో ఉన్న ‘బ్రౌన్ బెస్’ రకమూ అలాంటిదే. నున్నటి గొట్టంలో గుండు అటూ ఇటూ తగులుతూ బయటపడుతుంది. ఆఖరున ఏ పక్క తగిలితే దాన్నిబట్టి దారి పడుతుంది. నూరు గజాలు దాటాక ఎదుటి మనిషికి తగిలిందంటే అది కాల్చినవాడి నేర్పు కన్నా అదృష్టమే. అందుకే ఆ రోజుల్లో పటాలాన్నంతా వరసగా నిలబెట్టి ఒక్కసారిగా కాల్పించేవారు. ఎవరి గుండు ఎవరికి తగిలిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఎన్‌ఫీల్డు గొట్టం లోపల మూడు చాళ్ళు తవ్వారు. అవి దుక్కిచాళ్ళలా తిన్నగా సాగవు, మెలిక తిరుగుతాయి. ఆరున్నర అడుగులకు ఒక చుట్టు లెక్కన తవ్వినవి. గొట్టం పొడవు మూడుంబావు అడుగులే కాబట్టి గుండు లోపల తిరిగేది అర చుట్టే. ఆ అర చుట్టే చాలు. బయటపడిన గుండు బొంగరంలా గిర్రున తిరుగుతూ పోతుంది. తిరుగుతున్నంతసేపు బొంగరం ఒరగనట్టే ఈ గుండూ దారి తప్పదు.

అయితే చాళ్ళకు పట్టేలా గుండు బిగువుగా ఉంటే మూతి నుంచి దిగదు. సులువుగా దిగేలా వదులుగా ఉంటే చాళ్ళు పట్టవు. చాలా ఏళ్ళు తుపాకి పనివాళ్ళను తిప్పలుపెట్టిన చిక్కు ఇది. దీనికి మందు దొరికింది ఫ్రాన్సులో. ఇంగ్లండు దాన్ని తెచ్చుకుని సవరించుకుంది. గుండును ఉండగా కాక సీసంతో కోలగా పోత పోశారు. అడుగున గుంట పెట్టారు. గొట్టం కన్నా వెంట్రుకవాసి సన్నగా చేశారు. మందు పేలగానే ఆ వేగానికి అడుగు భాగం ఉబ్బి చాళ్ళను కరచుకుంటుంది. దిగేటప్పుడు వదులు, పోయేటప్పుడు బిగువు! గుండు బరువు మూడు తులాలకు కాస్త తక్కువ. మందు తులంలో మూడోవంతు పైచిలుకు.

ఇక మిగిలింది మసి. నల్లమందు కాలితే గొట్టంలో గట్టి మసి పేరుకుంటుంది. నాలుగైదు గుళ్ళు కాల్చాక కొత్త గుండు దిగడం కష్టమవుతుంది. బలవంతాన దిగగొడితే నలుగుతుంది, గురి తప్పుతుంది. అందుకని గుండుకు చుట్టిన కాగితానికి కొవ్వు పూశారు. గుండుతోపాటు ఆ కాగితమూ గొట్టంలోకి దిగుతుంది. కొవ్వు మసిని మెత్తబరిచి గొట్టాన్ని తుడుచుకుంటూ పోతుంది. మొదటి గుండూ ఇరవయ్యో గుండూ ఒకే దారిన పోవాలంటే ఇదే కిటుకు.

ఒడిసెల పట్టినవాడికి తెలిసిన విద్య

గురి అంటే కన్ను, తుపాకి ముక్కు, ఎదుటి చుక్క ఒక వరసన నిలపడమే అనుకుంటారు. సగం నిజమే. కంటిచూపు తిన్నగా పోతుంది, గుండు తిన్నగా పోదు. జొన్నచేలో మంచె మీద నిలబడి ఒడిసెల విసిరేవాడిని అడగండి. దగ్గర పిట్టకు ఎంత ఎత్తున విసరాలో, చేను ఆ చివర పిట్టకు ఎంత ఎత్తున విసరాలో వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎంత దూరమైతే అంత పైకి విసరాలి. తుపాకి గుండుకూ అదే లెక్క. బయటపడ్డ మరుక్షణం నుంచీ భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది.

ఒడిసెలవాడు చేతి వాలున చూసుకునే దాన్ని ఎన్‌ఫీల్డులో ఒక చిన్న ఇనుప నిచ్చెనకు అప్పగించారు. గొట్టం మొన మీద కదలని ముక్కు ఒకటి. కంటికి దగ్గరగా గొట్టంపై ఒక పలక, దాని మీద జరిగే చిన్న గాడి. నూరు గజాల నుంచి 400 గజాల దాకా పలకను పడుకోబెట్టి గాడిని మెట్టుమెట్టుగా జరపాలి. ఆపై దూరాలకు పలకను నిచ్చెనలా నిలబెట్టి గాడిని పైకి తోయాలి. దానిపై 900 గజాల దాకా గీతలు చెక్కి ఉండేవి. గాడి పైకి పోయినకొద్దీ, ముక్కును దాని వరసన నిలపాలంటే తుపాకి మూతి పైకి లేవాలి. 600 గజాలకు పెట్టి కాలిస్తే గుండు దారి మధ్యలో అంబారీ కట్టిన ఏనుగు మీదుగా కూడా ఎగిరిపోతుంది. చివర దిగివచ్చి మనిషి ఎత్తున తగులుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. దూరం అంచనా తప్పితే నిచ్చెన గీతలు ఎందుకూ కొరగావు. 600 గజాలనుకుని 500 గజాల్లో ఉన్నవాణ్ణి కాలిస్తే గుండు నెత్తి మీదుగా పోతుంది. అందుకే శిక్షణలో తుపాకి పేలడానికి ముందు రోజుల తరబడి దూరం చూపించేవారు. మైదానంలో కొలిచిన దూరాల్లో మనుషుల్ని నిలబెడతారు. ఏ దూరాన ముఖం పోల్చగలం, ఏ దూరాన కోటు గుండీలు కనబడతాయి, ఏ దూరాన మనిషి ఒట్టి గీతలా ఉంటాడు అని నేర్చుకునేవాడు చెప్పాలి. పుట్టినప్పటినుంచీ పొలంగట్ల మీద తిరిగినవాడికి ఇదేమంత కష్టం కాదు.

ఈ పద్ధతులన్నీ ఇంగ్లండులోని హైత్ అనే ఊళ్ళో 1853లో పెట్టిన తుపాకి బడి నుంచి వచ్చినవి. మొదట తుపాకిని ముక్కాలి పీట మీద ఇసుకసంచిపై ఆనించి, గురి చూసి పక్కకు తప్పుకోమంటారు. ఉస్తాదు వచ్చి కన్నుపెట్టి తప్పు చెబుతాడు. ఆ తరువాత ఒట్టి కేపులు కొట్టించడం. గజం దూరాన కొవ్వొత్తి వెలిగించి, మందు లేకుండా కేపు మాత్రం పేల్చాలి. చేయి వణక్కుండా గురి తిన్నగా ఉంటే ఆ గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంది. మీట లాగేటప్పుడు చేయి కదిపేవాడి కొవ్వొత్తి వెలుగుతూనే ఉంటుంది. ఖర్చు లేని పరీక్ష. సైన్యాల్లో ఇంతకన్నా తెలివైన పాఠాలు తక్కువ.

చివరకు అసలు కాల్పులు. ఆరడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు ఇనుప పలక మధ్య నల్ల చుక్క. పలక పక్కన గోతిలో దాగినవాడు గుండు ఎక్కడ తగిలిందో జెండాతో చూపుతాడు. దగ్గర దూరాలకు నిలబడి, ఎక్కువ దూరాలకు మోకాలి మీద కూర్చుని కాల్చాలి.

ఒక్క గుండు చూసి తుపాకికి పేరు పెట్టకూడదు. అదే కొలత మందు, అదే బిగువు, అదే పట్టు ఉంచి కనీసం మూడు గుళ్ళు కాల్చాలి. మూడూ ఒకేచోట పడితే తుపాకి మంచిదే, గురి మాత్రం జరపాలి. చెల్లాచెదురుగా పడితే తప్పు గురిలో లేదు. మందు కొలతలోనో, కూర్పులోనో, చేతిలోనో ఉంది. ముందు అది చూసుకోవాలి. గుళ్ళు కిందికి పడుతుంటే వెనక గాడిని పైకి జరపాలి. ఎడమకు పడుతుంటే వెనక గాడి కుడికి పోవాలి. వెనక గురి ఎటు జరిపితే గుండు అటు పోతుంది, ముందు ముక్కును జరిపితే అందుకు వ్యతిరేకం. ఎన్‌ఫీల్డులో పక్కలకు జరిపే వీలు లేదు కాబట్టి సిపాయి తన తుపాకి గుణం తెలుసుకుని ఆ మేరకు చుక్కకు పక్కగా చూసుకోవలసిందే.

మూతి తుపాకి పట్టే ప్రతివాడూ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. గుండు మందును ఆనుకునేదాకా దిగాలి. మధ్యలో ఖాళీ ఉంటే గురి సంగతి తరువాత, గొట్టమే పగిలే ప్రమాదం ఉంది.

లోటా నీళ్ళ దగ్గర మొదలైంది

గురికి సంబంధించినంతవరకు అంతా లెక్క ప్రకారం చేసిన సర్కారు మనుషుల లెక్క మాత్రం తప్పింది.

తెలియక తప్పిందని కూడా అనలేం. 1853లోనే ఈ కొవ్వు తూటాలను పరీక్ష కోసం ఇండియాకు పంపారు. ఇక్కడి ఎండకు కొవ్వు ఎలా నిలుస్తుందో చూడాలని వారి ఉద్దేశం. ఆ డిసెంబరులోనే కర్నల్ టక్కర్ అనే సైనికాధికారి, సిపాయిల కులమతాలకు అడ్డులేని కొవ్వని తేలేదాకా ఇవి వారి చేతికి ఇవ్వవద్దని రాశాడు. ఆ మాట కాగితాల్లో ఉండిపోయింది. 1857లో ఆరా తీస్తే, ఆ కొవ్వు ఏ జంతువుదో ఎవరూ గట్టిగా చూడలేదని బయటపడింది. కొవ్వు ఎండకు కరుగుతుందా అని నాలుగేళ్ళ ముందే పరీక్షించినవారు, అది ఎవరి గుండెకు తగులుతుందో చూడలేదు.

1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఒక కలాసీ దాహమై ఒక బ్రాహ్మణ సిపాయిని లోటాతో నీళ్ళడిగాడు. కులం తక్కువవాడివని సిపాయి ఇవ్వలేదు. ‘ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు పంటితో కొరికే రోజు వస్తోంది. అప్పుడు నీ కులం ఏమవుతుందో చూద్దాం’ అన్నట్టుగా కలాసీ ఎత్తిపొడిచాడు. ఆ సంగతిని రైట్ అనే కెప్టెన్ జనవరి 22న పైకి రాశాడు. అప్పట్లో తూటా అంటే మందు, గుండు కలిపి కట్టిన కాగితపు పొట్లం. దాన్ని పంటితో కొరికి విప్పి మందు పోయాలి. హిందువుకు ఆవు, ముసల్మానుకు పంది. ఒక్క పొట్లం ఇద్దరికీ తగిలింది.

సర్కారు కదిలింది. వారంలోపే ఉత్తర్వులు వచ్చాయి. కొవ్వు లేని తూటాలే ఇస్తామని, సిపాయిలు తమకు ఇష్టమైన నూనె, మైనం బజారులో కొని తామే పూసుకోవచ్చని చెప్పారు. తరువాత పంటితో కొరకనక్కరలేదు, వేళ్ళతో చించవచ్చునని కవాతు పద్ధతే మార్చారు. లెక్క ప్రకారం తగవు తీరాలి. తీరలేదు. ఈసారి అనుమానం కాగితం మీదికి పోయింది. కొత్త కాగితం మెరుస్తోందని, మంటలో పెడితే నూనె ఉన్నట్టు కాలుతోందని బారక్‌పూర్ సిపాయిలు ఫిబ్రవరి విచారణలో చెప్పారు. ఒకసారి పాలు విరిగాక ఎంత కాచినా అతకవు.

అంబాలాలో తడబాటు

అన్నిటికన్నా విచారకరమైన ఘట్టం అంబాలాలో జరిగింది. ప్రధాన సేనాని జనరల్ ఆన్సన్ మార్చిలో అక్కడికి వచ్చాడు. గురి నేర్చుకుంటున్నవారిలో ఇద్దరు చిన్న హోదావాళ్ళు తమ సొంత పటాలం వాళ్ళను చూడబోతే, అక్కడి సుబేదారు ‘మీరు క్రైస్తవులైపోయారు’ అని నిందించాడు. ఇద్దరూ తమ శిక్షణాధికారి మార్టినో దగ్గరకు వచ్చి కంటతడి పెట్టుకున్నారు.

23న ఆన్సన్ సిపాయిలను సమావేశపరిచి, ఇందులో దోషమేమీ లేదని నచ్చజెప్పాడు. వారు వినయంగానే విన్నారు. ఆ తరువాత మార్టినో ద్వారా తమ మాట పంపుకున్నారు. దాని సారాంశం ఇది: మీ మాట మేము నమ్ముతున్నాం. కాని మా ఊళ్ళోవాళ్ళు నమ్మరు. ఇంటికిపోతే మాతో కలిసి తినేవాడు, నీళ్ళు తాగేవాడు ఉండడు.

ఊరి వెలి అంటే ఏమిటో పల్లెలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. చావుకు పాడె మోసేవాడు రాడు. పటాలంలో జీతం నెలకు ఏడు రూపాయలు. దానికోసం ఊరినంతటినీ వదులుకొమ్మంటే ఎవడు వదులుకుంటాడు?

ఆన్సన్ కాసేపు మెత్తబడ్డాడు. కాల్పుల సాధన కొంతకాలం ఆపితే మేలేమో అనుకున్నాడు. గవర్నరు జనరల్ కానింగ్ ఏప్రిల్ 4న ఒప్పుకోలేదు. ఆపితే భయపడ్డామని అనుకుంటారన్నది ఆయన వాదన. దానితో ఏప్రిల్ నడిమిలో అంబాలా చాంద్‌మారీలో ఎన్‌ఫీల్డులు పేలాయి. సిపాయిలు చెప్పినట్టే కాల్చారు. రాత్రుళ్ళు మాత్రం కంటోన్మెంటులో కొంపలు అంటుకునేవి. ఎవరు పెడుతున్నారో ఎంత బహుమతి ప్రకటించినా తేలలేదు.

అప్పటికే బహరంపూర్‌లో 19వ పటాలం ఫిబ్రవరి 26న కేపులు తీసుకోనంది, మార్చి 31న ఆ పటాలాన్ని రద్దుచేశారు. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకి ఎత్తాడు, ఏప్రిల్ 8న ఉరితీశారు. ఏప్రిల్ 24న మీరట్‌లో అశ్వదళం సిపాయిలు 90 మందిని నిలబెట్టి తూటాలు ఇవ్వబోతే 85 మంది ముట్టలేదు. విచిత్రమేమంటే అవి ఎన్‌ఫీల్డు తూటాలే కావు, వారు ఎప్పటినుంచో వాడుతున్న పాతరకం. నమ్మకం పోయాక పాతదైతేనేం, కొత్తదైతేనేం? మే 9న 85 మందికీ అందరి ఎదుటా సంకెళ్ళు బిగించారు. మరునాడు ఆదివారం సాయంత్రం మీరట్ మండింది. తెల్లవారేసరికి సిపాయిలు ఢిల్లీలో ఉన్నారు. ఆన్సన్ ఢిల్లీ మీదికి బయలుదేరి దారిలో కర్నాల్‌లో మే 27న కలరాతో పోయాడు. జులై 17న హైదరాబాదులో తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వాన జనం రెసిడెన్సీ మీద దాడిచేశారు.

ఆ యుద్ధంలో తెల్ల సైనికుల చేతుల్లో ఎన్‌ఫీల్డులు, తిరుగుబాటుదారుల్లో ఎక్కువమంది చేతుల్లో పాత నున్నగొట్టాలు. జులై 12న ఫతేపూర్ దగ్గర హేవ్‌లాక్ దళం, ఎదుటివారి గుళ్ళు అందని దూరం నుంచే కాల్చి చెదరగొట్టింది. వద్దన్న తుపాకే వచ్చి తగిలింది.

చాళ్ళు లేని తుపాకి

తిరుగుబాటు అణిగాక సర్కారు చేసిన పని చాలామందికి తెలియదు. స్వదేశీ సిపాయిల కోసం 1858 నమూనా అని ఒక తుపాకి తయారుచేయించింది. చూడటానికి అచ్చం ఎన్‌ఫీల్డే. లోపల గొట్టాన్ని వెడల్పుచేసి చాళ్ళు లేకుండా నున్నగా తీశారు. పైన 900 గజాల నిచ్చెన తీసేసి, కదలని చిన్న దిమ్మ ఒకటి అతికించారు. అంటే సిపాయికి తుపాకి ఇచ్చి, గురి మాత్రం ఉంచుకున్నారు. ఆ తరువాత కూడా తెల్లసైన్యానికి కొత్తరకం వచ్చాకే వారు వదిలిన పాతరకం సిపాయిలకు దక్కేది. ఫిరంగుల దళాలను దాదాపు పూర్తిగా తెల్లవారి చేతిలోనే ఉంచుకున్నారు.

ఊళ్ళ వంతు 1878లో వచ్చింది. ఆ ఏడు చేసిన ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే స్వదేశీయుడు తుపాకి ఉంచుకోరాదు. తెల్లవారికి ఆ బెడద లేదు. కొడగు సీమ కొడవలకు మాత్రం మినహాయింపు ఉండేది. అది నేటికీ నడుస్తోంది, 2019లో కేంద్రం మరో పదేళ్ళు పొడిగించింది. అక్కడ కైల్‌పొళ్దు పండుగకు తుపాకులను పూలతో పూజించి, చెట్టుకు కట్టిన కొబ్బరికాయను గురిచూసి కొడతారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు. 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. పంట కాపలా కోసం నిజంగా అవసరమున్న రైతుకు మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునని అందులో ఉంది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే మరో రకం తుపాకి ఇవ్వవచ్చు, అదీ నున్నగొట్టమే అయి ఉండాలి. అడవిపందుల బెడద ఉన్న ఊళ్ళలో ఇప్పటికీ కొందరి దగ్గర ఈ తుపాకులున్నాయి. ఎన్నికలు ప్రకటించగానే పోలీసు ఠాణాలో అప్పగించి రశీదు తీసుకోవాలి, అవి ముగిశాక తిరిగి తెచ్చుకోవాలి. చాలావాటికి వెనక గురి ఉండదు. అలాంటి తుపాకితో చీకట్లో, చేలో కదిలినదల్లా పందే అనుకుని మీట నొక్కరాదు. నూరు గజాలు దాటాక ఆ గుండు ఎటు పోతుందో కాల్చినవాడికీ తెలియదు. పక్క చేలో మరో రైతు కాపలా పడుకుని ఉంటాడు.